పండు వెంట పత్రం: తాజా పండ్ల వాణిజ్య నిబంధనలకు తోటలోనే పునాది
నెక్కొండ ప్రాంతం ఆధారంగా ఒక వివేచన

కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో వరంగల్, మహబూబాబాద్ పట్టణాల మధ్య ఉన్న మండల కేంద్రం నెక్కొండ. పత్తి, మిరప, మొక్కజొన్న, వరి ప్రధాన పంటలుగా సాగయ్యే ఈ ప్రాంతంలో మామిడి తోటలు కూడా ఉన్నాయి. విమానాశ్రయానికి, ఓడరేవుకు ఇంత దూరంలో ఉన్న మండలానికి పండ్ల ఎగుమతి, దిగుమతి నిబంధనలతో పనేమిటన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. ఆ ప్రశ్నకు మొదటి సమాధానం ఇక్కడి మిరప చేలలోనే దొరుకుతుంది.

2021–22 పంటకాలంలో ఉమ్మడి వరంగల్ జిల్లా మిరప రైతులను నల్ల తామర పురుగులు తీవ్రంగా నష్టపరచాయి. పూతలో గుంపులుగా చేరి, పూలు రాలిపోయేలా చేసి, కాయ కట్టకుండా అడ్డుకున్నాయి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు ఆగ్నేయాసియాకు చెందినది. మన దేశంలో ఇది తొలిసారి నమోదైనది మిరపపై కాదు; 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మొక్కలపై. ఒక పండ్ల మొక్కపై కనిపించిన పరదేశపు పురుగు ఆరేళ్లలో నెక్కొండ వంటి ప్రాంతాల మిరప రైతు పెట్టుబడిని మింగగలిగింది. సరిహద్దు వద్ద జరిపే సస్య ఆరోగ్య తనిఖీ మారుమూల గ్రామపు చేనును కూడా కాపాడవలసిన కంచె అని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

రెండవ సమాధానం మామిడి తోటలో ఉంది. మన పురుగు పరాయి దేశానికి చేరకూడదని ఆ దేశాలు పెట్టే నిబంధనలను పాటించగల శక్తి, పాటించలేని బలహీనత రెండూ తోటలోనే రూపుదిద్దుకుంటాయి. పండు వెంట నడిచే ధ్రువీకరణ పత్రంపై సంతకం విమానాశ్రయంలో పడవచ్చు గాని, ఆ పత్రంలోని ప్రతి మాటకు ఆధారం చెట్టు కింద ఏర్పడాలి. ఈ విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల దృష్టికి తీసుకురావడమే ఈ వ్యాస ఉద్దేశం.

దిగుమతి: మన కంచె

మన దేశంలో మొక్కల క్వారంటైన్‌కు చట్టబద్ధమైన మూలం 1914 నాటి వినాశకర కీటకాలు, తెగుళ్ల చట్టం. దాని కింద వెలువడిన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రస్తుతం దిగుమతులను నియంత్రిస్తున్నది. తాజా పండ్లను దిగుమతి చేసుకోదలచిన వ్యాపారి ముందుగా దిగుమతి అనుమతి పొందాలి. ఎగుమతి చేసే దేశపు అధికార సంస్థ జారీచేసిన సస్య ఆరోగ్య ధ్రువీకరణ పత్రం సరుకు వెంట రావాలి. ఏ దేశం నుంచి ఏ పండు వస్తున్నదో, దాని వెంట ఏ పురుగు రాగలదో ముందే అంచనా వేసి, ఆయా పురుగులు లేవన్న అదనపు ప్రకటనను లేదా నిర్దిష్టమైన శుద్ధిని ఉత్తర్వులోని షెడ్యూళ్లు కోరతాయి. ఈ అంచనానే తెగులు ప్రమాద విశ్లేషణ అంటారు. ఇందులో శిక్షణ ఇచ్చే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లోనే ఉండటం మన విద్యార్థులకు కలిసివచ్చే విషయం.

సరుకు ప్రవేశ కేంద్రానికి చేరాక రెండు వేర్వేరు పరీక్షలు జరుగుతాయి. పండు వెంట పురుగు, తెగులు వస్తున్నదా అని చూసేది మొక్కల క్వారంటైన్ విభాగం. పండు మనిషి తినడానికి సురక్షితమా అని చూసేది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఏర్పడిన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. మొదటిది పంటను కాపాడుతుంది, రెండవది వినియోగదారుని కాపాడుతుంది. ఒకదానిలో నెగ్గినంత మాత్రాన రెండవదానిలో నెగ్గినట్టు కాదు. విద్యార్థులు తరచుగా కలగాపులగం చేసే ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తుంచుకోవాలి.

2004లో థాయిలాండుతో అమలులోకి వచ్చిన సుంకాల తగ్గింపు ఏర్పాటులో మంగోస్టీన్, రంబుటాన్, లాంగన్, దురియన్ వంటి ఉష్ణమండల పండ్లకు చోటు దక్కింది. నేడు అటువంటి పండ్లు జిల్లా కేంద్రాల దుకాణాలలో సైతం కనిపిస్తున్నాయి. సుంకం తగ్గినా సస్య ఆరోగ్య నిబంధన తగ్గదు. సుంకం ప్రభుత్వాల మధ్య బేరానికి లోబడుతుంది. క్వారంటైన్ మాత్రం శాస్త్రీయ ఆధారానికే లోబడాలని 1995 జనవరి 1న అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ పారిశుద్ధ్య, సస్య పారిశుద్ధ్య ఒప్పందం చెబుతున్నది.

ఈ కంచెను మన దేశం గట్టిగా ఉపయోగించిన సందర్భాలూ ఉన్నాయి. ఇరాన్ నుంచి వచ్చిన కివి పండ్లలో పురుగులు పదేపదే పట్టుబడటంతో 2021 డిసెంబరులో ఆ దిగుమతులను భారత్ నిలిపివేసింది. కంచె దాటి పురుగు వచ్చేస్తే ఎంత భారమో 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడిన బొప్పాయి పిండినల్లి చూపింది. బొప్పాయితో మొదలై మల్బరీ, కర్రపెండలం వంటి పంటలకు పాకిన ఆ పురుగును అదుపు చేయడానికి దాని సహజ శత్రువైన అసెరోఫేగస్ పపాయే అనే పరాన్నజీవి కీటకాన్ని 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించవలసి వచ్చింది.

ఎగుమతి: పరాయి కంచె

ఇరాన్ కివి విషయంలో మనం చేసినదే మన మామిడి విషయంలో ఇతర దేశాలు చేశాయి. పండు ఈగ భయంతో జపాన్ 1986లో మన మామిడిని నిషేధించి, ఇరవై ఏళ్ల తరువాత 2006లో షరతులతో తలుపు తెరిచింది. అమెరికాలో 1989లో మూసుకుపోయిన దారి 2007లో తెరుచుకుంది. దానికి బాట వేసిన ఒప్పందం 2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ భారత పర్యటన సందర్భంగా కుదిరింది. ఆ పర్యటనలోనే మార్చి 3న ఆయన హైదరాబాదులోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని సందర్శించారు.

ఐరోపా సమాఖ్య ఉదంతం మరింత పాఠవంతమైనది. 2013లో భారత్ నుంచి వెళ్లిన పండ్లు, కూరగాయల సరుకులలో 207 సార్లు పండు ఈగలు, ఇతర పురుగులు పట్టుబడ్డాయి. ఫలితంగా 2014 మే 1 నుంచి మామిడితో పాటు వంగ, చేమ, కాకర, పొట్ల దిగుమతులను సమాఖ్య ఆపివేసింది. మన యంత్రాంగం ధ్రువీకరణ పొందిన ప్యాకింగ్ కేంద్రాల ద్వారానే సరుకు పంపే ఏర్పాటు చేసి, శుద్ధిని తప్పనిసరి చేశాక, 2015 ఆరంభంలో మామిడిపై నిషేధం తొలగింది. ఆ నిషేధం తగిలింది పురుగు ఉన్న తోటలకే కాదు, పురుగు లేని తోటలకూ తగిలింది. కొందరి అజాగ్రత్తకు దేశం మొత్తం మూల్యం చెల్లించింది. క్వారంటైన్ వ్యవహారంలో ప్రతి తోట తన పొరుగు తోట పరువును కూడా మోస్తుంది.

పురుగు లేకున్నా పత్రం తప్పితే పండు ఆగుతుంది. 2025 మే నెలలో ముంబయి ప్రాంతంలో వికిరణ శుద్ధి పొంది అమెరికా చేరిన సుమారు 15 మామిడి సరుకులను శుద్ధికి సంబంధించిన పత్రాలలో లోపం ఉందంటూ అక్కడి అధికారులు నిరాకరించారని పత్రికలు ప్రకటించాయి. తాజా పండు వేచి ఉండదు. వెనక్కి తెచ్చుకునే ఖర్చు పండు విలువను మించిపోతుంది కనుక అటువంటి సరుకుకు మిగిలేది ధ్వంసమే.

పండు ఈగ ఎక్కడ చేరుతుంది?

మామిడిని ఆశించే పండు ఈగలలో బాక్ట్రోసెరా డోర్సాలిస్ ముఖ్యమైనది. బాక్ట్రోసెరా జోనేటా, బాక్ట్రోసెరా కరెక్టా కూడా కనిపిస్తాయి. తల్లి ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను సూదివంటి అవయవంతో గుచ్చి, తొక్క కిందనే గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి మూడు రోజులలో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు గుజ్జును తింటాయి. పండు రాలిన తరువాత అవి నేలలోకి దిగి కోశస్థ దశకు చేరతాయి. కొద్ది రోజులలో కొత్త ఈగలు పైకి వస్తాయి. ఏప్రిల్ నుంచి కాయ ముదిరే కొద్దీ, తొలకరి దగ్గరపడే కొద్దీ ఈగల సంఖ్య పెరుగుతుంది.

ఈ జీవిత చక్రంలో వ్యాపారికి ప్రమాదకరమైన దశ గుడ్డు. గుడ్లు పెట్టిన కాయ కోత నాటికి పైకి నిండుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ప్యాకింగ్ కేంద్రంలో కంటిచూపుతో దాన్ని ఏరివేయడం దాదాపు అసాధ్యం. మూడు రోజుల తరువాత పరాయి దేశపు తనిఖీ అధికారి కాయ కోసినప్పుడు మాత్రం పురుగు కదులుతూ కనిపిస్తుంది. పురుగు ప్రయాణంలో పుట్టినట్టు అనిపించినా, అది తోటలో చేరినదే.

తోటలో చేపట్టవలసిన చర్యలు మన శాస్త్రవేత్తలకు కొత్తవి కావు. రాలిన కాయలను ప్రతిరోజూ ఏరి లోతుగా పూడ్చివేయాలి. చెట్ల పాదులలో నేలను కలియబెట్టి కోశస్థ దశలను ఎండకు, పక్షులకు బయటపెట్టాలి. కోతకు నెలన్నర, రెండు నెలల ముందు నుంచే మిథైల్ యూజినాల్ ఎరలు అమర్చాలి. ఈ ఎర మగ ఈగలనే ఆకర్షిస్తుందన్నది ఇక్కడ మరువరాని అంశం. ఒక్క రైతు తన తోటలో ఎరలు కడితే పొరుగు తోటలోంచి గుడ్లతో వచ్చే తల్లి ఈగ ఆగదు. గ్రామంలోని తోటలన్నీ ఒకేసారి ఎరలు కడితేనే మగ ఈగల సంఖ్య పడిపోయి, జతకూడని తల్లి ఈగలు పొదిగే గుడ్లు పెట్టలేని స్థితి వస్తుంది. కనుక దీన్ని వ్యక్తిగత సిఫారసుగా చెప్పడం కంటే గ్రామ కార్యక్రమంగా చేపట్టడమే ఫలప్రదం.

శుద్ధి పద్ధతులు, వాటి హద్దులు

తోటలో ఎంత జాగ్రత్త పడినా మిగిలిన ప్రమాదాన్ని తొలగించడానికి దిగుమతి దేశాలు శుద్ధిని కోరతాయి. ఐరోపాకు వెళ్లే మామిడిని 48 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 60 నిమిషాలు ముంచే పద్ధతి 2015 తరువాత ప్రాచుర్యంలోకి వచ్చింది. జపాన్‌కు ఆవిరి వేడితో కాయ లోపలి ఉష్ణోగ్రతను 47.5 డిగ్రీలకు చేర్చి 20 నిమిషాలు నిలపాలి. అమెరికాకు కనీసం 400 గ్రే మోతాదులో వికిరణ శుద్ధి చేయాలి. ఈ మోతాదు పండు ఈగతో పాటు టెంకలో దాగే ముక్కు పురుగును కూడా దృష్టిలో ఉంచుకుని నిర్ణయించినది. వికిరణం పురుగును అక్కడికక్కడే చంపదు. అది ఎదగకుండా, సంతానం కనకుండా చేస్తుంది. అందుకే అక్కడ శుద్ధి పత్రానికి అంత ప్రాముఖ్యం. శుద్ధి జరిగిందనడానికి కాయలో కంటికి కనిపించే సాక్ష్యం ఉండదు, పత్రమే సాక్ష్యం.

ఈ శుద్ధులన్నీ సరైన పక్వతలో కోసిన కాయనే తట్టుకోనిస్తాయి. లేతకాయను వేడినీటిలో ముంచితే తొక్క కమిలి, లోపలి గుజ్జు సరిగా మాగదు. నీటిలో వేసినప్పుడు మునిగే కాయను ముదిరిన కాయగా గుర్తించే సులువైన పరీక్ష, తొడిమ వద్ద భుజాలు ఎత్తుగా పెరగడం వంటి లక్షణాలు రైతుకు తెలిసినవే. తొడిమను సుమారు ఒక సెంటీమీటరు ఉంచి కోయడం, కాయను తలకిందులుగా ఉంచి సొన కార్చడం, నేలకు తగలకుండా క్రేట్లలో సర్దడం అదే క్రమంలో భాగం.

మందుల అవశేషాల నిబంధన దీనికి తోడవుతుంది. నిర్దిష్ట పరిమితి లేని మందులకు ఐరోపా సమాఖ్య కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దును వర్తింపజేస్తుంది. మన తోటలలో విరివిగా వాడిన క్లోరిపైరిఫాస్‌కు 2020లో అక్కడ అనుమతి ముగిసింది. ఏ మందు ఏ తేదీన కొట్టారో రాసిపెట్టని తోటకు ఈ హద్దును పాటించామని చెప్పుకునే ఆధారం ఉండదు.

గుత్త: తెగిపోయే గొలుసు

ఇక్కడే మన ప్రాంతపు అసలు సమస్య ఎదురవుతుంది. తెలంగాణలో మామిడి తోట యజమాని చాలా సందర్భాలలో పూత దశలోనో, పిందె దశలోనో పంటను గుత్తకు ఇచ్చివేస్తాడు. అకాల వర్షాల ముప్పు, కోత కూలీల కొరత, చేతికి ముందే సొమ్ము అందే సౌలభ్యం ఇందుకు కారణాలు. రైతు దృష్టిలో ఇది తెలివితక్కువ నిర్ణయం కాదు. నష్టభయాన్ని మరొకరికి బదిలీ చేసే పద్ధతి.

అయితే గుత్త కుదిరిన నాటి నుంచి ఏ మందు కొట్టాలో, ఎప్పుడు కోయాలో నిర్ణయించేది గుత్తదారు. అతనికి తోటతో సంబంధం ఒక్క కాపుకే పరిమితం. రాలిన కాయలను ఏరి పూడ్చడానికి అయ్యే కూలీ అతనికి ఖర్చే గాని, వచ్చే ఏడాది ఈగ తగ్గే లాభం అతనికి దక్కదు. ఏప్రిల్ ఆరంభంలో ధర ఎక్కువ ఉంటుంది కనుక ముదిరినవి, ముదరనివి కలిపి ఒకే విడతలో దులిపివేసే ఒత్తిడి అతనిపై ఉంటుంది. తరువాత సరుకు అడ్తికి, అక్కడి నుంచి దూర మార్కెట్ల వ్యాపారికి చేరుతుంది. అనేక తోటల కాయలు ఒకే లారీలో కలిసిపోతాయి.

అపెడా సంస్థ నిర్వహించే హార్టీనెట్ వంటి నమోదు వ్యవస్థ పండును దాని తోటతో ముడిపెట్టాలని కోరుతుంది. నమోదులో పేరు యజమానిది, మందు కొట్టిన చేయి గుత్తదారుది, సరుకు కలిపిన చేయి వ్యాపారిది. ముగ్గురిలో ఎవరికీ పూర్తి సమాచారం ఉండదు. శుద్ధి యంత్రాలు, శీతల గిడ్డంగులు ఎన్ని నిర్మించినా ఈ గొలుసు తెగి ఉన్నంత కాలం నెక్కొండ తోటలోని మంచి కాయకు తన మంచితనాన్ని రుజువు చేసుకునే మార్గం ఉండదు.

మాగబెట్టడం: ఇంటి వినియోగదారునికీ అదే న్యాయం

మన దేశంలో ఏటా రెండు కోట్ల టన్నులకు పైగా మామిడి పండుతుండగా, 2023–24లో తాజా పండుగా ఎగుమతి అయినది సుమారు 32 వేల టన్నులు. అంటే వెయ్యి కిలోలలో రెండు కిలోలు కూడా కాదు. మిగిలినదంతా మన ప్రజలు తినేదే. కనుక నిబంధనల పాలనను ఎగుమతికే పరిమితమైన విషయంగా బోధించడం సరికాదు.

తొందరపడి కోసిన లేతకాయకు రంగు తెప్పించడానికే కాల్షియం కార్బైడ్ అవసరం పడుతుంది. దీని నుంచి వెలువడే ఎసిటిలీన్ వాయువు తొక్కకు పసుపు రంగు తెస్తుంది గాని, లోపల తీపి రాదు. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దీని వాడకాన్ని నిషేధించాయి. 2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఈ అంశాన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తనంతట తానుగా స్వీకరించి, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కఠిన చర్యలకు ఆదేశించింది. ప్రత్యామ్నాయంగా 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువుతో, ఉష్ణోగ్రత, తేమ, గాలి మార్పిడి అదుపులో ఉన్న గదులలో మాగబెట్టడానికి 2016లో అనుమతి లభించింది. ఇథిలీన్ అనేది పండు తనలో తానే ఉత్పత్తి చేసుకునే హార్మోను. అయితే అది కూడా ముదిరిన కాయనే మాగబెట్టగలదు. లేతకాయను తీపి చేయలేదు. కార్బైడ్ సమస్యకు మూలం మార్కెట్లోని గదిలో కంటే తోటలోని తొందరపాటు కోతలోనే ఎక్కువగా ఉంది.

విస్తరణ యంత్రాంగం చేయదగినవి

పై అంశాలన్నీ ఒకే చోటికి వస్తున్నాయి: కోతకు ముందు తోటలో ఏమి జరిగిందో తెలిపే నమ్మదగిన రాత. నెక్కొండ వంటి మండలంలో కొత్త నిర్మాణాలు లేకుండానే ప్రారంభించగల చర్యలు ఇవి.

1. గుత్త ఒప్పందపు నమూనా: ధర, గడువులతో పాటు మూడు షరతులు చేర్చాలి. మందుల వివరాలను పుస్తకంలో రాసి ప్రతిని యజమానికి ఇవ్వడం, రాలిన కాయలను ఏరివేయడం, కనీసం రెండు విడతలుగా ముదిరిన కాయనే కోయడం. ఏరివేత ఖర్చులో యజమాని కొంత భరిస్తే గుత్తదారు అంగీకరించే అవకాశం ఎక్కువ. దాని ఫలితం వచ్చే ఏడాది దక్కేది యజమానికే.

2. గ్రామమంతటా ఒకే వారంలో ఎరలు: రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఎరలను ఉమ్మడిగా సేకరించి, తోటలన్నింటిలో ఒకేసారి కట్టించాలి.

3. వారపు ఈగల లెక్క: గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వచ్చే విద్యార్థులు ఎంపిక చేసిన తోటలలో వారానికొకసారి ఎరలో పడిన ఈగలను జాతుల వారీగా లెక్కించవచ్చు. కొన్నేళ్ల లెక్క చేరితే ఏ వారంలోగా కోత ముగించడం మేలో స్థానిక ఆధారంతో చెప్పగలుగుతాం.

4. కొత్త పురుగుపై నిఘా: డ్రాగన్ ఫలం వంటి కొత్త పండ్ల మొక్కలను తెచ్చుకునే రైతులు అవి ఏ నర్సరీ నుంచి వచ్చాయో రాసిపెట్టుకోవాలి. గుర్తు తెలియని పురుగు కనిపిస్తే నమూనాను విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రానికి వెంటనే చేర్చాలి. బొప్పాయిపై నమోదైన తామర పురుగు మిరపకు చేరేలోగా మనకు ఆరేళ్ల వ్యవధి ఉండిందని గుర్తుంచుకోవాలి.

5. అడ్తిదారులకు శిక్షణ: తోటల వారీగా సరుకును విడిగా ఉంచడం, క్రేటుపై తోట సంఖ్య వేయడం, అనుమతి ఉన్న మాగబెట్టే గదులనే వాడటం గురించి సీజనుకు ముందే మార్కెట్ యార్డులో అవగాహన కల్పించాలి. ఇంతవరకు మన శిక్షణలు రైతును ఉద్దేశించినవే. గొలుసులోని మిగతా చేతులను అవి తాకలేదు.

ఈ చర్యల వలన నెక్కొండ మామిడి మరుసటి ఏడాదే విమానం ఎక్కుతుందని చెప్పలేం. నమోదుకు, శుద్ధికి, రవాణాకు వేరే పెట్టుబడులు కావాలి. అయితే రాత ఉన్న తోటకు కొనుగోలుదారుని అడిగే హక్కు వస్తుంది. గుత్త ఇచ్చినా తన తోటలో ఏమి జరిగిందో యజమానికి తెలుస్తుంది. వరంగల్ వినియోగదారునికి రంగుతో పాటు రుచి కూడా ఉన్న పండు దొరుకుతుంది. ఎగుమతి అవకాశం తలుపు తట్టిన నాడు కొత్తగా నేర్చుకోవలసిన పని మిగలదు. క్వారంటైన్ అధికారి చివరన చూసే పత్రానికి మొదటి పుట రాయించవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తది.